నేను చదివిన కూతురు

చిట్టి ఉప్పాడ దగ్గర సముద్రంలో పోయిందని నేను మొదటిసారి ఏడ్చింది మా కాలేజీలో, ఫైనలియర్ క్లాసులో, పిల్లలందరి ముందు. ఏడుస్తూనే పాఠం పూర్తి చేశాను. వెనక బెంచీల్లో ఆడపిల్లలు కూడా కళ్ళు తుడుచుకున్నారు. మేడమ్ ఎంత బాగా చెప్పారో అనుకున్నారు పాపం.

స్టాఫ్ రూములోకొచ్చి కుర్చీలో కూలబడ్డాక గాని నాకు అనుమానం రాలేదు. అసలు చిట్టి ఎవరు? నూటయాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఎవరో ఒకావిడ రాస్తే, నాలుగు రోజులు చదివి జనం మర్చిపోయిన నవలలో పిల్ల. సిలబస్‌లో లేకపోయినా ఆ కాలం నవలలకి మచ్చుగా నేనే క్లాసులో చెప్పాను. నవలలో ఆ పిల్లకి వేరే పేరుంది. మా పిల్లలకి నోరు తిరగదని చిట్టి అని నేనే పెట్టాను. వాళ్ళ సముద్రం పేరు చెబితే కళ్ళప్పగించి చూస్తారని ఉప్పాడ అన్నాను. ఇవన్నీ నాకు బాగా తెలుసు. అయినా తడిసిన గౌను బరువు నా చేతుల మీద ఉంది. ఆ పిల్ల చెవి వెనక ఇసుక తుడిచింది నేనే.

మంజీర స్కూలుకి ఫోన్ చేశాను. మంజీర మా అమ్మాయి, నాలుగో తరగతి చదువుతోంది.

"ఉందండీ, డ్రాయింగ్ క్లాసులో ఉంది. ఏవన్నా అర్జెంటాండీ?" అంది వాళ్ళ టీచరు.

"ఏం లేదమ్మా, ఊరికే" అని పెట్టేశాను.

ఒక కూతురు క్షేమంగా ఉందని తెలిస్తే ఇంకో కూతురి మీద దుఃఖం తగ్గుతుందా? నాకూ తగ్గలేదు. కానీ నాకు ఇంకో కూతురు లేదు. ఆ మాట మనసులో అనుకుంటే ఎవరి గురించో అబద్ధం చెబుతున్నట్టు అనిపించింది. భయం అప్పుడు మొదలైంది.

*

ఇంగ్లీషు సాహిత్యంలో డాక్టరేటు తెచ్చుకోవడానికి నవలలు చదవాల్సిన అవసరం పెద్దగా లేదు. ఒక నవల మీద ఎవరో రాసింది చదివి, దాని మీద ఇంకొకరు రాసింది చదివి, ఇద్దరూ పొరబడ్డారని మనం రాస్తే సరిపోతుంది. మా డిపార్ట్‌మెంటులో చాలామంది అలాగే గట్టెక్కారు. నా ఖర్మ కొద్దీ నేను తీసుకున్న నవలల మీద ఎవరూ ఏమీ రాయలేదు.

అది మా గైడు, మా డిపార్ట్‌మెంటు హెడ్డు కూడా అయిన సోమయాజులు గారి సలహా. "ఎవరూ ముట్టుకోని టాపిక్కు తీసుకోమ్మా హైమవతీ. వైవాలో నిన్ను అడగడానికి ఎవడికీ నోరు లేవదు" అన్నారు. విక్టోరియా రాణి కాలంలో ఆడవాళ్ళు రాయగా అచ్చయి మాయమైపోయిన నవలలు, అందులోనూ ఒక తల్లి 'నేను' అంటూ తన కథ తానే చెప్పుకున్నవి. పాత లైబ్రరీల్లో స్కాన్ చేసిపెట్టినవి నాలుగు వందల దాకా దొరికాయి. కాలేజీ, ఇల్లు, పేపర్లు దిద్దడం, వీటి మధ్య ఏడాదికి పది చదివినా నేను రిటైరయ్యాకే థీసిస్. డాక్టరేటు లేకపోతే కాంట్రాక్టు లెక్చరరుగానే రిటైరవ్వాలి.

సరిగ్గా అప్పుడే యూనివర్సిటీలో కొత్తగా పెట్టిన నాడీశాస్త్రం ల్యాబు వాళ్ళు మనుషులు కావాలన్నారు. ల్యాబు పెద్ద డాక్టర్ ఫిలోమినా. ఊటీలో చదువుకుని, ఢిల్లీలో ఉద్యోగం చేసి కాకినాడ వచ్చిన మనిషి. సన్నటి తీగలు అల్లిన ఒక టోపీ తయారు చేసింది. అది పెట్టుకుని మంచం మీద పడుకుంటే గంటా గంటన్నరలో ఒక నవల మొత్తం బుర్రలోకి దిగుతుంది.

"యూనివర్సిటీ వాళ్ళు నీకు టోపీ పెట్టారన్నమాట" అని మా ఆయన వీర్రాజు ఒకటే నవ్వు. ఆయన రొయ్యల కంపెనీలో సరుకు నాణ్యత చూస్తాడు. ఎవరు టోపీ పెట్టినా ఇట్టే కనిపెడతానంటాడు.

మొదటిరోజు చిన్న నవల ఎక్కించారు. లేచేసరికి ముక్కు నిండా బొగ్గుల పొగ వాసన. కొండ కింద రాతి ఇంట్లో చలికి వంగిపోయిన వేళ్ళతో ఎవరి బట్టలో ఉతుకుతున్నాను. నా కొడుక్కి దగ్గు. ఆ దగ్గు వింటే గుండె జారిపోతోంది.

"చదివినట్టు లేదు మేడమ్, నాకే జరిగినట్టుంది" అన్నాను.

"అలాగే ఉండాలి. జరిగినంత లోతుగా ముద్ర పడకపోతే వారంలో చెరిగిపోతుంది" అంది ఫిలోమినా. ఆవిడ తెలుగు శుభ్రంగా, కొంచెం బిగువుగా ఉంటుంది. "భయపడకండి. మధ్యలో గోడ ఉంది. చూడండి. ఆదివారాలు మీ అమ్మగారు ఏం వండేవారు?"

చింతచిగురు పప్పు అన్నాను. ఎదురుగా స్క్రీను మీద నా మెదడు బొమ్మలో ఒకచోట పచ్చగా వెలిగింది.

"ఇప్పుడు మీ కొడుకు దగ్గు?"

దూరంగా ఇంకోచోట నీలంగా వెలిగింది.

"పచ్చటిది మీ బతుకు. నీలంది మీ చదువు. పరాయి భాషలో పడిన ముద్ర పరాయిగానే ఉండిపోతుంది. ఎప్పుడైనా అనుమానం వస్తే ఒకటే చూసుకోండి, ఆ జ్ఞాపకంలో మనుషులు ఏ భాషలో మాట్లాడుతున్నారు అని. ఇంగ్లీషైతే పుస్తకం. తెలుగైతే మీరు."

ఎంత తేలికైన పరీక్ష అనుకున్నాను. ఆ ఏడాదంతా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు వెళ్ళి పడుకున్నాను. వెళ్ళినప్పుడల్లా మూడేసి నాలుగేసి ఎక్కించుకున్నాను. ఆ కాలపు నవలల్లో పిల్లలు ఎక్కువగా పోతారు. జ్వరాలతో, దగ్గులతో, బావుల్లో, నిప్పుల్లో. వాళ్ళందర్నీ నేనే కని, నేనే పోగొట్టుకున్నాను. కానీ అందరూ ఇంగ్లీషులోనే పోయారు. లేచి మొహం కడుక్కుని, ఆటో ఎక్కి ఇంటికొచ్చేసేదాన్ని.

*

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. గడప దాటి లోపలికొస్తే మంజీర ఇంగ్లీషే మాట్లాడాలి. పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచీ దానితో నేను ఇంగ్లీషులోనే మాట్లాడాను. ఇంగ్లీషు లెక్చరరు కూతురు తడుముకుంటూ మాట్లాడితే ఊళ్ళో తలెత్తుకోగలనా? అది కూడా గడగడా మాట్లాడేది, అచ్చం టీవీలో పిల్లలా. ఆ నియమం పుణ్యమా అని మా ఆయన ఇంట్లో మౌనవ్రతం పట్టాడు. తండ్రీ కూతుళ్ళు కబుర్లన్నీ స్కూటరు మీద తెలుగులో చెప్పుకుని, వీధి మలుపులో ఆపేసి లోపలికొచ్చేవారు.

చిట్టి కోసం ఏడ్చిన తర్వాత ఇంట్లో ఏదో మారింది. మంజీర స్కూలు నుంచి వచ్చి, బ్యాగు సోఫా మీద పడేసి, ఆ రోజు సంగతులన్నీ చెబుతుంటే నాకు భలే ముచ్చటేసేది. ఎంత సహజంగా ఉంది ఈ పిల్ల, ఆ కాళ్ళు ఊపడం ఎంత బాగా పట్టుకున్నారు అనుకునేదాన్ని. ఎవరు పట్టుకున్నారు, ఎందులో పట్టుకున్నారు అని నన్ను నేను అడగలేదు. దాని మీద కోపం రావడం మానేసింది. చదువుకోకపోయినా, పాలు పారబోసినా కోపం రాలేదు. ఎంత శాంతమూర్తివైపోయావే అని మా ఆయన సంతోషించాడు కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని మామిడికాయ ముక్కలు కోస్తున్నాను. ఫోనొస్తే లేచి వెళ్ళి వచ్చేసరికి మంజీర కత్తిపీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి గొప్పగా ఒక ముక్క కోసి చూపించబోయింది. అరచెయ్యి అడ్డంగా తెగింది.

"మమ్మీ! ఇట్స్ బ్లీడింగ్ మమ్మీ!"

నేను గుమ్మంలో నిలబడి చూశాను. రక్తం మోచేతి దాకా కారి గచ్చు మీద పడుతోంది. పిల్ల మొహం పాలిపోయింది. రక్తం రంగు చెప్పకుండా ఆ చుక్కల చప్పుడు మాత్రం చెప్పి ఊరుకోవడం ఎంత బాగుంది, ఈ రచయిత్రికి నిగ్రహం ఉంది అనుకున్నాను. తర్వాత ఏమవుతుందో అని ఆసక్తిగా నిలబడ్డాను.

పిల్ల కేకలకి మా ఆయన వీధి వరండాలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"హైమా! ఏం చూస్తున్నావే అలాగ! బుద్ధుందా నీకు!"

తువ్వాలు చుట్టి, పిల్లని ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా స్కూటరెక్కించి తీసుకుపోయాడు. నేను హాల్లోకొచ్చి కూర్చున్నాను. నాకు ఆదుర్దా లేదు. అధ్యాయం ముగిసింది, తర్వాతది మొదలవ్వాలి.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పొద్దువాలుతోంది. కుట్లు పడ్డాయి. దారంతా తండ్రితో తెలుగులో మాట్లాడుతూ వచ్చిందేమో, నొప్పికి నియమం మర్చిపోయిందేమో, మంజీర నా దగ్గరికొచ్చి కట్టు కట్టిన చెయ్యి చూపించింది.

"అమ్మా, మంట పుడతంది" అంది.

ఒళ్ళంతా ఝల్లుమంది. నా కూతురు. నా కూతురి చెయ్యి తెగితే నేను నిలబడి చూశాను. దాన్ని కావలించుకుని ఏడ్చిన ఏడుపుకి పక్కింటివాళ్ళు వచ్చారు. ఏడుస్తూ ఏడుస్తూ "ఎలా తెగిందే తల్లీ" అంటే, అది బెదిరిపోయి, నియమం గుర్తొచ్చి, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. నా చేతుల్లో ఉన్న పిల్ల మెల్లగా దూరమైంది. కళ్ళ ముందే ఉంది, ఏం చెబుతోందో అర్థమవుతోంది, కానీ అది నాకేమీ కాదు.

"తెలుగులో చెప్పు. తెలుగులో చెప్పవే!" అని అరిచాను.

*

"మీరు క్లాసులో నవలలు తెలుగులో చెబుతారా?" ఫిలోమినా కుర్చీలోంచి సగం లేచింది.

"చెప్పకపోతే పిల్లలకి ఎలా అర్థమవుద్ది మేడమ్? రెండు లైన్లు ఇంగ్లీషులో చదవడం, తెలుగులో కథ చెప్పడం. అందరం అలాగే చెబుతాం."

"ఇంగ్లీషు సాహిత్యం ఇంగ్లీషులో చెబుతారనుకుని ఈ ప్రయోగం మొత్తం రాసుకున్నాను. పేర్లు కూడా మారుస్తారా?"

"మార్చాలండీ. మన ఊరు పెట్టాలి, మన తిండి పెట్టాలి. లేకపోతే నిద్రపోతారు."

ఆవిడ తల పట్టుకుంది. తర్వాత టోపీ పెట్టి, ఏమీ ఎక్కించకుండా, అడగడం మొదలుపెట్టింది. చిట్టి అంది. స్క్రీను మీద పచ్చగా వెలిగింది, సరిగ్గా మా అమ్మ, చింతచిగురు పప్పు ఉన్నచోట. మంజీర మొదటి పుట్టినరోజు అంది. నీలం. మంజీర నడక. నీలం. ఎంతమంది తల్లులో, ఎంతమంది చచ్చిపోయిన పిల్లలో ఉన్న ఆ చీకటి మూలలో నా కూతురు కూడా ఉంది.

"దానితో మీరు ఇంగ్లీషులోనే మాట్లాడారు" అంది ఫిలోమినా మెల్లగా. "మెదడు నా పరీక్షే చేసుకుంది. భాష చూసి సర్దేసింది."

మా ఆయన నా పక్కనే ఉన్నాడు. నవ్వు మొహం ఎప్పుడో పోయింది. "తీసెయ్యండి మేడమ్. ఎక్కించింది మీరేగా. మొత్తం నాలుగొందలూ తీసిపారెయ్యండి" అన్నాడు.

"నీలంగా ఉన్నది మొత్తం తీసెయ్యగలను. మంజీర కూడా పోతుంది."

"అయితే వద్దు, వద్దు" అన్నాడాయన.

దారి ఒకటే ఉందని చెప్పింది ఆవిడ. నా నోటితో చెప్పడం వల్లే గోడ కూలింది కాబట్టి, నా నోటితోనే మళ్ళీ కట్టాలి. మంజీర బతుకంతా తెలుగులో చెప్పాలి. చిట్టి కథ ఇంగ్లీషులో చెప్పాలి, చచ్చిపోవడంతో సహా, ఎవరైనా ఎదురుగా కూర్చుని వింటుండగా. ఈ లోపల క్లాసులో ఒక్క నవల కూడా తెలుగులో చెప్పకూడదు. "మీలో ఇంకా చాలామంది పిల్లలున్నారు హైమవతి గారూ" అంది. ఆ మాట విన్నప్పటి నుంచీ నా లోపల ఎవరెవరో కదులుతున్నట్టే ఉంటుంది.

సోమయాజులు గారికి ఫోన్ చేసి చెప్పాను, క్లాసులు మార్చి వ్యాకరణం ఇప్పించమని. అంతా విని "ఇది భలే చాప్టరవుద్దమ్మా" అన్నారు.

*

ఇంట్లో నియమం తిరగబడింది. ఇప్పుడు గడప దాటి లోపలికొస్తే తెలుగే. మా ఆయనకి నోరొచ్చింది. మంజీరకే తంటా. స్కూటరు తెలుగులో స్కూలు మాటలు తక్కువ, ఆటల మాటలు ఎక్కువ. బాధపడింది అనడానికి "మొహం మాడ్చుకుంది" అనేది. అయినా నా కోసం కష్టపడింది. ఏం జరుగుతోందో, చిట్టి ఎవరో, ఉప్పాడ ఎందుకో దానికి కొంత చెప్పాం, మిగతాది అదే కనిపెట్టింది. పిల్లలకి తల్లి కళ్ళలోకి చూస్తే తెలిసిపోతుంది.

రోజూ సాయంత్రం అది స్కూలు నుంచి వచ్చాక వరండాలో కూర్చుని దాని కథ దానికే చెప్పేదాన్ని. నువ్వు పుట్టిన రోజు తుఫాను. గవర్నమెంటు ఆసుపత్రిలో కరెంటు పోతే మీ నాన్న సెల్‌ఫోను లైటు పట్టుకుని నిలబడ్డాడు. నువ్వు పుట్టగానే ఏడవలేదు, నర్సు రెండు దెబ్బలేస్తే అప్పుడు ఏడ్చావు. పళ్ళు రాకముందే జంతిక కావాలన్నావు. అన్నవరం మెట్ల మీద తప్పిపోయి, ఎవరో ముసలావిడ ఒళ్ళో కూర్చుని ఆవిడ ప్రసాదమంతా తినేశావు.

"నిజంగానా?" అనేది మంజీర.

"నిజంగానే" అనేదాన్ని. ఆ మాట నాకు నేను చెప్పుకోవడమే. మొదట్లో ఎవరి కథో అప్పజెప్పినట్టుండేది. ఎవరిదో పెళ్ళి ఆల్బం చూసి పేర్లు చెప్పినట్టు. ఒకరోజు, అమ్మవారు పోసినప్పుడు అది పడుకున్న వేపాకు పక్క గురించి చెబుతుంటే, నా ముక్కుకి వేపాకు వాసన తగిలింది. నేను చెప్పకుండానే పక్కన మా అత్తగారి గొంతు వినపడింది. ఆ జ్వరంలో దాని పెదాలు ఎండిపోవడం కనపడి భయమేసింది. భయమేసినందుకు ఎంత ఆనందపడ్డానో చెప్పలేను. ఫిలోమినా దగ్గరికి వెళితే స్క్రీను మీద అమ్మవారు పోసిన జ్వరం పచ్చగా వెలిగింది.

అలా ఒక్కొక్కటే ఈవలికి తెచ్చుకున్నాను. ఇంట్లో మళ్ళీ కోపాలు, అరుపులు మొదలయ్యాయి. హోంవర్కు చెయ్యలేదని మంజీర వీపు మీద ఒక్కటేస్తే మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "కొట్టావా? నిజంగా కోపమొచ్చిందా?" అని అడిగాడు.

మిగిలింది చిట్టి.

*

చిట్టిని ఇంగ్లీషులో చెప్పాలి. ఫిలోమినా తను వింటానంది. నేనే వద్దన్నాను. ల్యాబులో, ఆ తెల్లటి గోడల మధ్య, పిల్లని అప్పగించి రావడం నా వల్ల కాదనిపించింది. మా ఆయన వింటానన్నాడు గాని ఆయన ఇంగ్లీషుకి చిట్టి మధ్యలోనే ఆగిపోతుంది. మంజీర ముందుకొచ్చింది.

"నాకు చెప్పమ్మా. నాకు బా అర్థమవుద్ది" అంది.

వద్దని ఎందుకు అనలేదో తెలియదు. మా ఇంట్లో ఇంగ్లీషు అందరికంటే బాగా వచ్చింది దానికే.

వరండాలో నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను మొదలుపెట్టాను. చిట్టి దాని అసలు పేరుతో, దాని అసలు ఊళ్ళో. సముద్రం మధ్య దీపస్తంభం. అక్కడ పనిచేసే తండ్రి. ఆటుకి నీళ్ళు తగ్గినప్పుడు రాళ్ళ దారి మీంచి నడిచి వెళ్ళి, పోటు వచ్చే లోపల తిరిగి రావాలి. ఇంగ్లీషులో చెబుతుంటే చిట్టి నిజంగానే పల్చబడుతోంది. దాని జడ పోయింది. నేను పెట్టిన కాటుక పోయింది. ఒక్కొక్కటి పోతున్నప్పుడల్లా గుండెలోంచి పెరికినట్టుంది. అయినా ఆగకుండా చెప్పాను. తల్లి రొట్టె మూటకట్టి చేతికిచ్చింది. తొందరగా వెళ్ళి రమ్మంది. పంపించింది తల్లే. పంపించింది నేనే.

అక్కడ ఆగాను. రాళ్ళ చివర చిట్టి నిలబడి ఉంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. తర్వాతి వాక్యం నాకు కంఠతా వచ్చు. నేను చెప్పేస్తే చిట్టి ఆ పుస్తకంలోకి వెళ్ళిపోతుంది, ఎవరూ తెరవని ఆ పుస్తకంలో ఒక్కతే మునిగిపోతుంది. ఇక్కడైతే ఏడవడానికి కనీసం నేనున్నాను. ఆ వాక్యం నేను అనలేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో, చెంపల మీంచి నీళ్ళు కారి చీర తడిసిపోయింది.

మంజీర ఇలా చప్పుడు లేకుండా ఏడ్చే అమ్మని ఎప్పుడూ చూడలేదు. లేచి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఒక చేతికి ఇంకా కుట్ల మచ్చ.

"ఏడవకమ్మా. పడవొచ్చిందమ్మా" అంది చెవిలో. తెలుగులో. "ఉప్పాడోళ్ళ పడవొచ్చింది. చిట్టిని ఎక్కించేసుకున్నారు. ఏం అవ్వలేదు."

"పడవొచ్చిందా?" అన్నాను.

"ఆఁ, వచ్చింది. అనమ్మా నువ్వు కూడా."

"పడవొచ్చింది" అన్నాను. "చిట్టిని ఎక్కించుకున్నారు."

అప్పుడు గుండెల మీంచి ఎంత బరువు దిగిందో! ఇన్నాళ్ళకి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నవ్వాను కూడా. మంజీరని ముద్దులతో ముంచెత్తాను. అది మురిసిపోయింది, అమ్మని తనే బాగుచేసినందుకు.

మర్నాడు పొద్దున్న టిఫిను పెడుతూ నాలుగు కంచాలు పెట్టాను.

*

ఫిలోమినా స్క్రీను చూసి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. మళ్ళీ పెట్టుకుని, టోపీ తీగలన్నీ సరిచూసి, మళ్ళీ స్క్రీను చూసింది. పెట్టినావిడే భయపడితే పెట్టించుకున్నవాళ్ళ గతేమిటి?

"పోయిన పిల్లయితే దుఃఖం. దుఃఖానికి ఒక ముగింపు ఉంటుంది" అంది. "మీరు ఇప్పుడు పిల్లని బతికించారు. బతికున్న పిల్ల ఎక్కడో ఉండాలి కదా. మీ మెదడు వెతుకుతోంది."

"మళ్ళీ ఇంగ్లీషులో చెబుతాను మేడమ్. ఈసారి పూర్తిగా చెబుతాను."

"కుదరదు. నవలలో పిల్ల చనిపోయింది. మీ పిల్లని పడవ ఎక్కించారు. వీళ్ళిద్దరూ ఇప్పుడు ఒకరు కాదు, మీ చిట్టి వెళ్ళడానికి ఏ పుస్తకమూ లేదు." కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "పడవ రాలేదని చెప్పాలి. తెలుగులో. మీరే."

"అంటే..."

"మీ చేతులతో మీరు మళ్ళీ ముంచాలి."

నాకు తెలుసు చిట్టి లేదని. అది అక్షరాల్లో పుట్టిందని తెలుసు, పేరు పెట్టింది నేనేనని తెలుసు. ఎవరడిగినా చెప్పగలను. కానీ ఆ సాయంత్రం ఆటో ఎక్కి ఉప్పాడ వెళ్ళాను. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళని అడిగాను, ఒక పిల్లని పడవలో ఎక్కించుకొచ్చారట, ఎవరింట్లో ఉంది అని. ఒకాయన జాలిగా చూసి, "ఎంత వయసుంటాదమ్మా? ఏ గౌనేసుకుంది?" అని అడిగాడు. నేను గౌను రంగుతో సహా చెప్పాను. ఆయన ఇంకో నలుగుర్ని పిలిచాడు. అందరూ కలిసి ఒడ్డు పొడుగునా నా కోసం వెతికారు. మా ఆయన వచ్చి నన్ను తీసుకెళ్ళేదాకా వాళ్ళూ వెతుకుతూనే ఉన్నారు.

ఇంటి మలుపులో స్కూటరు ఆపి, "హైమా, దాన్ని చంపెయ్యవే. నీ కాళ్ళు పట్టుకుంటా. లేని పిల్లేగా" అన్నాడు. ఆయన గొంతు వింటే జాలేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది, చంపమంటున్నది తండ్రి కదా అని.

అప్పటి నుంచీ రోజూ సాయంత్రం వరండాలో కూర్చుంటున్నాను. రాళ్ళ మీద చిట్టి నిలబడింది, అంటాను. నీళ్ళొచ్చాయి, అంటాను. వెనక్కి తిరిగి చూసింది, అంటాను. అక్కడ ఆగిపోతాను. మంజీర పక్కనే కూర్చుంటుంది. పడవ మాట అన్నది తనేనని దానికి తెలుసు. తల్లికి మంచి చేద్దామనుకున్న పిల్ల, గోళ్ళు కొరుక్కుంటూ నా మొహం చూస్తూ కూర్చుంటుంది. చదువు మానేసింది. ఆటకి వెళ్ళడం మానేసింది. నేను ఎటు వెళితే అటు నా కొంగు పట్టుకుని వస్తుంది.

నిన్న నేను మళ్ళీ అక్కడే ఆగిపోయాను. అది మాటలు కూడగట్టుకుని, ఎక్కడా ఇంగ్లీషు దొర్లకుండా అడిగింది.

"అమ్మా, నేనొక్కదాన్నీ చాలనా?"

దాన్ని గట్టిగా గుండెలకి అదుముకున్నాను. నా కూతురు. నా కడుపున పుట్టింది. తుఫానులో పుట్టింది. ఇంత చిన్న పిల్ల ఆ మాట అడిగినందుకు నేను చచ్చిపోయినా బాగుండుననిపించింది.

"చాలు తల్లీ" అన్నాను. తెలుగులోనే అన్నాను, నోటితో అంటే నిజమవుతుందని.

అంటూనే దాని తల మీంచి చూశాను, గేటు గడియ తీసే ఉందా అని.